నోరెత్తని వార్డు

ఉదయం ఎనిమిది గంటలు. తాలూకా ఆసుపత్రి కాన్పుల వార్డులోంచి ఒక స్త్రీ కేక వినిపించింది. ఆ వెంటనే ఒంటి మీద అరచెయ్యి పడిన చప్పుడు, దాని వెనకే "నోరు ముయ్యవే! మొగుడి పక్కన చేరినప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు?" అన్న గద్దింపు.

వరండాలో మూటలు ముందు పెట్టుకుని కూర్చున్న బంధువుల్లో ఒక్కరూ ఉలిక్కిపడలేదు. అడ్డచుట్ట కాలుస్తున్న ఒక ముసలమ్మ చుట్ట నోట్లోంచి తీసి, "గట్టి నర్సమ్మే. బేగి అయిపోతాది కాన్పు" అంది తృప్తిగా. పక్కనున్న ఇద్దరు ముగ్గురు అవునన్నట్టు తలలూపారు.

ఈ కథ చదువుతున్న మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి వరండాలో కూర్చునే ఉంటారు. ఆ చప్పుడు వినే ఉంటారు. అదీ వైద్యంలో ఒక భాగమేనని ఊరుకునే ఉంటారు. మనందరం అలా ఊరుకోవడం వల్ల ఏం జరిగిందో చెబుతాను, వినండి.

ఆ ఉదయం వార్డులో పని నేర్చుకోవడానికి ఆ రోజే వచ్చి, ఎనామిల్ పళ్లేలు పట్టుకుని నిలబడ్డ నలుగురు అమ్మాయిల్లో దాలమ్మ ఒకతె. చప్పుడు వినగానే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది, పళ్లెంలోని కత్తెర గలగలలాడింది. ఆ దెబ్బ వేసిన వార్డు సిస్టరు జ్ఞానాంబ తల తిప్పి ఆమె వంక ఒక్క చూపు చూసింది.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. దాలమ్మకి పంతొమ్మిదేళ్లు. రాజాం దగ్గర పల్లె. తండ్రి అప్పలసూరి మెట్టలో చోళ్లు, గోగు వేసుకుని బతికే రైతు. కూతుర్ని ఎనిమిదో తరగతి దాకా చదివించి పదిహేనో ఏట పెళ్లి చేశాడు. అల్లుడు ఖర్గపూరు రైలు పనికి వెళ్లి, ఏడాది తిరక్కుండా అక్కడే మరొకతెతో కాపురం పెట్టాడు. దాలమ్మ పుట్టింటికి తిరిగి వచ్చింది. వచ్చిన నాటినుంచీ వదిన చేతికింద చాకిరీ. అన్నం పెట్టినప్పుడల్లా వదిన ఏదో ఒకటి అనేది. ఏమీ అనని రోజు కూడా, అనబోయి ఆగిందని దాలమ్మకి తెలిసేది.

ఊరికి వచ్చే హెల్త్ విజిటరమ్మ చెప్పగా ప్రాక్టికల్ నర్సుల శిక్షణలో చేరింది. రెండేళ్ల చదువు. ఆ చదువు చెప్పిన ట్యూటరు పేరు లక్ష్మీకామేశ్వరి. పిల్లలందరికీ ట్యూటరమ్మ. బొమ్మలు గీసి, గుడ్డతో కుట్టిన బిడ్డనీ మాయనీ చూపించి, అర్థమయ్యేదాకా చెప్పేది. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పిన మాట ఒకటుంది.

"మాయ పడిపోయింది కదా అని చేతులు కడుక్కుని వెళ్లిపోకండి. అసలు గండం ఆ తర్వాతి గంటే. పావుగంటకోసారి పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిగా ఉందో లేదో చూడండి. నాడి చూడండి. గుడ్డ చూడండి. ఎలా ఉందని ఆవిడనే అడగండి."

చదువు ముగిశాక చివరి మూడు నెలలూ ఆసుపత్రిలో పని నేర్చుకోవాలి. ప్రతి అమ్మాయికీ ఒక కేసు పుస్తకం ఇచ్చారు. తన చేత్తో ఇరవై కాన్పులు చేసినట్టు వార్డు సిస్టరు అందులో సంతకాలు పెట్టాలి. ఇరవై నిండితేనే సర్టిఫికెట్టు. నిండకపోతే దాలమ్మకి మళ్లీ వదిన వంటిల్లే.

జ్ఞానాంబ సామాన్యురాలు కాదు. విజయనగరంలో సంగీత పండితుల ఇంట పుట్టి, పద్దెనిమిదో ఏట భర్త పోతే, అయినవాళ్లందరూ వద్దంటున్నా మద్రాసు వెళ్లి నర్సు చదువు చదివిన మనిషి. ఇరవై రెండేళ్ల సర్వీసు. అడ్డం తిరిగిన బిడ్డని చేత్తో సవరించి బయటికి తియ్యగలదు. డాక్టరు గణపతిరావుగారు కూడా కష్టమైన కాన్పు వస్తే ముందు ఆమెనే పిలిచేవాడు. అంత పనిమంతురాలి చేతిలో అంత కాఠిన్యం ఉంటే, చూసేవాళ్లకి ఆ రెండూ ఒకటే అనిపిస్తాయి. పనితనం రావాలంటే కాఠిన్యం కూడా రావాలేమో అనిపిస్తుంది. ఆ వార్డుకి నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలందరికీ అలాగే అనిపించింది.

రెండోరోజునే దాలమ్మ తప్పు చేసింది. నొప్పులతో గింజుకుంటున్న ఒక తొలిచూలు పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. దాలమ్మ విడిపించుకోలేదు. రెండో చేత్తో తడిగుడ్డ తీసుకుని ఆ పిల్ల మొహం తుడిచింది.

"చెయ్యి ఎందుకిచ్చావు?" అంది జ్ఞానాంబ.

"బయపడతన్నాది సిస్టరమ్మా. అందుకనీ..."

"వార్డులో పన్నెండు మంచాలు. ఉన్నది నేనొకదాన్ని, ఒక ఆయా. ప్రతిదాని చెయ్యీ పట్టుకుని కూర్చుంటే మిగతావాళ్ల బిడ్డల్ని ఎవరు తీస్తారు? నువ్వు నర్సువి అవుదామని వచ్చావా, దానికి తల్లివి అవుదామని వచ్చావా?"

వారంరోజులు దాలమ్మకి కాన్పుల గదిలోకి ప్రవేశం లేదు. బెడ్‌పాన్లు కడగడం, రక్తపు గుడ్డలు నానబెట్టి ఉతకడం. ఆ వారం తర్వాత కూడా జ్ఞానాంబ ఆమెను పిలవలేదు. అయిదు వారాలు గడిచేసరికి స్నేహితురాలు పద్మకుమారి పుస్తకంలో పదకొండు సంతకాలున్నాయి. దాలమ్మ పుస్తకంలో నాలుగు.

"ఏటే దాలీ, నీకు బుర్ర నేదా?" అంది పద్మకుమారి, పెరట్లో కుళాయి దగ్గర గుడ్డలు పిండుతూ. "సిస్టరమ్మకి మెత్తనోళ్లంటే పడదు. ఒకపాలి గట్టిగా కసురు. అవసరమైతే ఒకటి వెయ్యి. సచ్చిపోతారేటి? మొదట్లో నాకూ సెయ్యి రానేదు. ఇప్పుడు సూడు, పదకొండు."

"ఆల్ల ఉసురు తగలదేటే?"

"సర్టిఫికెట్టు రాకపోతే నీ ఉసురు ఎవులికి తగుల్తాదో అది సెప్పు ముందు."

దాలమ్మ పిండిన గుడ్డనే మళ్లీ నీళ్లలో ముంచింది.

మర్నాడు సాలూరు వైపు కొండల మీంచి ఒక గిరిజన స్త్రీని డోలీలో మోసుకొచ్చారు. తెలుగు సరిగా రాదు. బల్ల మీద పడుకోనని అరుస్తూ దిగిపోతోంది. జ్ఞానాంబ పక్కనే ఉంది. దాలమ్మ ఒక్కసారి ఆమె వంక చూసి, చెయ్యెత్తి ఆ కొండమనిషి తొడ మీద కొట్టింది. ఆవిడ మరి అరవలేదు. పెద్దకళ్లు చేసుకుని దాలమ్మనే చూస్తూ పడుకుంది. కాన్పు సులువుగా అయిపోయింది.

"ఇవాళ నర్సువయ్యావు" అంది జ్ఞానాంబ, కేసు పుస్తకంలో సంతకం పెడుతూ.

ఆ మధ్యాహ్నం దాలమ్మకి అన్నం సయించలేదు. రెండు ముద్దలు తిని లేచిపోయింది. మర్నాడు నాలుగు ముద్దలు తింది. వారానికల్లా ఆకలి మామూలుగానే వేసింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. భయపడి కొట్టడం మొదలుపెట్టిన దాలమ్మ భయం పోయాక కూడా ఆపలేదు. పుట్టిన దగ్గర్నుంచీ తండ్రి మాట, మొగుడి మాట, వదిన మాట వినడమే తప్ప తన మాట ఇంకొకరు వినడం ఆమె ఎరగదు. ఇప్పుడు ఆమె అడుగుల చప్పుడు వింటే పన్నెండు మంచాల మీద మూలుగులు ఆగిపోయేవి. ఆమె "ఊఁ" అంటే కాళ్లు ముడుచుకునేవారు. అందులో ఒక సుఖముంది. ఆ సుఖానికి ఆమె అలవాటు పడింది. తనకన్నా పెద్దవాళ్లని కూడా "ఒసే" అని పిలిచేది. కొట్టవలసిన అవసరమే లేకుండా కళ్లతో భయపెట్టడం నేర్చుకుంది. సంతకాలు గబగబా పడ్డాయి. మూడో నెల సగమయ్యేసరికి పంతొమ్మిది.

ఇరవయ్యో కాన్పు సుభద్రమ్మది.

ఆమెకి ఇరవై ఏళ్లు, తొలిచూలు. మొగుడు సాలూరులో లారీ క్లీనరు. లోడు మీద రాయపూర్ వెళ్లి ఉన్నాడు. అత్త జగ్గమ్మ తెల్లవారగానే కోడల్ని ఎడ్లబండి ఎక్కించుకుని వచ్చింది. వార్డు గుమ్మం దగ్గర ఆమె కోడలి బుగ్గ నిమిరి, "నర్సమ్మ సెప్పినట్టు యిను. అరిసి గోల సెయ్యకు. ఆల్లకి కోపమొస్తాది" అని చెప్పి పంపించింది.

ఆరోజు మధ్యాహ్నం జిల్లా వైద్యాధికారి తనిఖీకి వస్తున్నాడు. పొద్దుటినుంచీ ఆసుపత్రంతా హడావుడి. దుప్పట్లు మారుస్తున్నారు, నేల ఫినాయిలుతో కడుగుతున్నారు. జ్ఞానాంబ డాక్టరుగారి గదిలో రిజిస్టర్లు సరిచూస్తోంది. కాన్పుల బల్ల దగ్గర దాలమ్మ ఒక్కతే ఉంది.

నొప్పులు ముదిరేసరికి సుభద్రమ్మ అత్త చెప్పిన మాట మరిచిపోయింది. "అత్తా! ఓలత్తో!" అని వార్డంతా మారుమోగేలా కేక పెట్టింది.

దాలమ్మ చెంప మీద కొట్టింది. ఒకటి కాదు, రెండు.

"ఇవాల ఇనస్పెచ్చనున్నాది, తెల్సా? మల్లీ నోరిప్పినావంటే నీ పిల్లని నీకు సూపించను. అలగే పట్టుకుపోయి ఎవులికో ఇచ్చేస్తాను. ఇన్నావా?"

దాలమ్మకి అది ఉత్త బెదిరింపు. ఆ పల్లెటూరి పిల్లకి కాదు. ఆమె ఇల్లు దాటి ఆసుపత్రికి రావడం అదే మొదలు. ఇక్కడివాళ్లు ఏం చెయ్యగలరో, ఏం చెయ్యలేరో ఆమెకేం తెలుసు? నిజమే అనుకుంది. చీర చెంగు ముద్దగా చేసి నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత మరి కేక పెట్టలేదు.

పన్నెండు దాటి పది నిమిషాలకి ఆడపిల్ల పుట్టింది. దాలమ్మ పని తప్పుపట్టవలసిందేమీ లేదు. బొడ్డు కోసింది, మాయ పూర్తిగా పడిందో లేదో పరిచి చూసింది, అంతా శుభ్రం చేసింది. పిల్లని గుడ్డలో చుట్టి వరండాలో జగ్గమ్మ చేతిలో పెట్టింది. తనిఖీ అయ్యేదాకా వార్డులో పిల్లల ఏడుపు వినిపించకూడదని పొద్దుటే హుకుం అయింది.

గోడ పక్కనున్న ఏడో నంబరు మంచం మీద సుభద్రమ్మని పడుకోబెట్టారు.

"పిల్లేదమ్మా?" అంది సుభద్రమ్మ మెల్లిగా.

"ఆపీసర్లు ఎల్లిపోయాక సూపిస్తాను. అందాకా ఒక్క మాట వినబడ్డాదా, సెప్పిందే సేస్తాను."

సుభద్రమ్మ తలూపింది.

పావుగంటకోసారి చూడాలన్నది దాలమ్మకి తెలియక కాదు. కాని కట్లు కట్టే గాజుగుడ్డ చుట్టలు చుట్టాలి, సిరంజిలు ఉడకబెట్టాలి, కిటికీ అద్దాలు తుడవాలి. ఆ వార్డులో పద్ధతి ఎలాగూ వేరు. ఆమె కేసు షీటు తీసుకుని పన్నెండుంపావు నుంచి ఒంటిగంట వరకూ నాలుగు గళ్లూ ఒక్కసారే నింపేసింది. నాడి బాగున్నది. గర్భసంచి గట్టిగా ఉన్నది. రక్తస్రావం లేదు. నాలుగు గళ్లలోనూ అదే మాట. అలా ఒక్కసారే రాసెయ్యడం పద్మకుమారి దగ్గర నేర్చుకుంది. పద్మకుమారి తనకన్నా ముందు బ్యాచి పిల్లల దగ్గర నేర్చుకుంది.

ఆ గంటలో ఏడో మంచం మీద జరిగింది, పక్కమంచం మీదున్న బాలింత తర్వాత చెప్పగా తెలిసింది.

కాసేపటికి సుభద్రమ్మ ఆమె వైపు తిరిగి, అక్కని పిలిచినట్టు, "అప్పా, కింద తడిగా ఉన్నాది" అందట. కొంచెం ఆగి, "సలేస్తంది" అందట. నర్సమ్మని పిలవమంటే, "వద్దప్పా, పిల్లనివ్వదు" అందట. పోనీ నేను పిలుస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపిందట. ఆ బాలింత కూడా ముందురోజు దాలమ్మ చేతి దెబ్బ తిన్నదే. ఆమెకీ నోరు పెగల్లేదు.

ఒంటిగంటకి తనిఖీ మొదలైంది. జిల్లా వైద్యాధికారి ముందు, గణపతిరావుగారు పక్కన, జ్ఞానాంబ వెనక, గోడవారన విద్యార్థినులు. అధికారి మంచం మంచం దగ్గరా ఆగుతూ ఏడో మంచం దగ్గరికి వచ్చాడు. మెడ దాకా తెల్లటి కొత్త దుప్పటి కప్పుకున్న సుభద్రమ్మ కష్టం మీద రెండు చేతులూ బయటికి తీసి దండం పెట్టింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి. ముగ్గురు చదువుకున్న మనుషులు ఆ మొహం చూశారు. దుప్పటి ఎంత తెల్లగా ఉందో చూశారు.

"కాన్పుల వార్డంటే సంతలా ఉంటుంది ఎక్కడికి వెళ్లినా. ఇంత నిశ్శబ్దం నేను ఈ జిల్లాలో చూడలేదు. బాగుంది సిస్టర్" అన్నాడు అధికారి.

జ్ఞానాంబ తల వంచి నమస్కరించింది. దాలమ్మకి గర్వంతో ఒళ్లు పొంగింది. ఆ నిశ్శబ్దంలో తన వాటా తక్కువేమీ కాదు.

వాళ్లు బయటికి వెళ్లిన అయిదు నిమిషాలకి దాలమ్మ బకెట్టు తీసుకోవడానికి ఆ పక్కకి వచ్చింది. కడిగిన నేల మీద, ఏడో మంచం కింద, చిన్న మడుగు కట్టి ఉంది. పరుపులోంచి ఇంకా చుక్క చుక్కగా కారుతోంది.

దుప్పటి తీసింది. నడుం నుంచి మడమల దాకా రక్తం. సుభద్రమ్మ చెయ్యి పట్టుకుంది. చల్లగా, చెమటగా ఉంది. నాడి వేలికి అందలేదు.

"సిస్టరమ్మా!" అని దాలమ్మ పెట్టిన కేక ఆసుపత్రి గేటు దాకా వినిపించింది.

జ్ఞానాంబ పరుగెత్తుకొచ్చింది. ఒక్క క్షణం కూడా వృథా చెయ్యలేదు. ఇంజెక్షను ఇచ్చింది. మంచం కాళ్లవైపు ఇటుకలు పెట్టించింది. మెత్తబడిపోయిన గర్భసంచిని రెండు పిడికిళ్ల మధ్య పట్టి బలంకొద్దీ అదిమింది. డాక్టరుగారు సెలైను ఎక్కించడానికి నరం వెతుకుతున్నాడు. నరాలు కుంగిపోయాయి. రక్తం ఎక్కించాలంటే విశాఖపట్నం పోవాలి. అంత దూరం ప్రాణం ఆగదని అక్కడున్న అందరికీ తెలుసు.

సుభద్రమ్మ కళ్లు తిప్పి దాలమ్మని వెతుక్కుంది.

"నాను అరవనేదమ్మా" అంది. పెదవుల కదలిక చూసి అర్థం చేసుకోవలసినంత సన్నటి గొంతు. "ఒక్క మాట అననేదు. పిల్లని సూపిస్తారా?"

దాలమ్మ వరండాలోకి పరుగెత్తింది. జగ్గమ్మ ఒళ్లోంచి పిల్లని లాక్కున్నట్టే తీసుకుని వెనక్కి పరుగెత్తింది. మంచం దగ్గరికి వచ్చేసరికి జ్ఞానాంబ పిడికిళ్లు తీసేసి నిటారుగా నిలబడి ఉంది. సుభద్రమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. దాలమ్మ పిల్లని ఆ కళ్ల ముందు పెట్టి పట్టుకుంది. కాసేపటికి ఆయా వచ్చి ఆమె చేతుల్లోంచి పిల్లని తీసుకుంది.

సాయంత్రం డాక్టరుగారు కేసు షీటు చదివాడు. నాలుగు గళ్లూ సవ్యంగా ఉన్నాయి. "అకస్మాత్తుగా రక్తస్రావం. రోగి ఎటువంటి ఇబ్బందీ చెప్పలేదు" అని కింద రాసి సంతకం చేశాడు. ఆ రెండో వాక్యంలో ఒక్క అబద్ధపు మాట లేదు. రోగి నిజంగానే ఏ ఇబ్బందీ చెప్పలేదు.

శవాన్ని బండి మీదికి ఎక్కించాక జగ్గమ్మ పిల్లని భుజాన వేసుకుని దాలమ్మ దగ్గరికి వచ్చింది. దాలమ్మ గోడకి ఆనుకుంది. తిడుతుందనుకుంది, కొడుతుందనుకుంది.

"మా కోడలు మిమ్మల్ని ఇబ్బంది పెట్టనేదు గదమ్మా?" అంది జగ్గమ్మ. "గుమ్మంకాడే సెప్పినాను, అరవొద్దనీ. ఇన్నాదా నా మాట?"

"ఇన్నాది" అంది దాలమ్మ.

"మంచి గుంట, నా కోడలుపిల్ల" అని జగ్గమ్మ బండి వెనక నడిచింది.

మర్నాడు జ్ఞానాంబ కేసు పుస్తకం అడిగి తీసుకుని ఇరవయ్యో సంతకం పెట్టింది. దాలమ్మ కళ్లప్పగించి చూసింది.

"అలా చూడకు. కాన్పు నువ్వు సరిగానే చేశావు" అంది జ్ఞానాంబ. పుస్తకం మూసి ఆమె చేతికిచ్చింది. "ప్రతి నర్సుకీ ఇలాంటిది ఒకటి ఉంటుంది. నాకూ ఉంది, మద్రాసులో. మా సిస్టరు నన్నూ ఇలాగే దాటించింది. మరిచిపో."

దాలమ్మకి జ్ఞానాంబ మీద అంతవరకూ ఉన్నది భయం. ఇప్పుడు జాలి వేసింది. ఇరవై రెండేళ్లుగా ఈమె మరిచిపోతూనే ఉందన్నమాట. మరిచిపోవడానికే ఇంత గట్టిగా కొడుతోందేమో. తను కూడా నలభై ఏళ్ల వయసులో ఇలాగే ఒక పుస్తకం మూసి, ఎదురుగా ఉన్న పిల్లకి ఈ మాటే చెబుతుందేమో.

మూడు వారాల తర్వాత చివరి పరీక్ష. బల్ల వెనక ట్యూటరమ్మ లక్ష్మీకామేశ్వరి, గణపతిరావుగారు, జ్ఞానాంబ కూర్చున్నారు.

"మాయ పడిన తర్వాత మొదటి గంటలో ఏమేం చూడాలి?" అని అడిగింది ట్యూటరమ్మ.

దాలమ్మ గడగడా చెప్పేసింది. ట్యూటరమ్మ మార్కులు వెయ్యబోతోంది.

"నాను సూడనేదమ్మా" అంది దాలమ్మ.

"ఏమిటి?"

"ఏడో నంబరు మంచం. సూడకుండా నాలుగు గడులూ రాసేసినాను. అరిస్తే పిల్లనివ్వనన్నాను. రొండు దెబ్బలు కొట్టినాను. అందుకనే ఆవిడ పిలవనేదు. పిలిస్తే బతికుండీది."

గణపతిరావుగారు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. "ఈ పిల్లకి మతి చలించింది. ఆ కేసు ఎప్పుడో మూసేశాం. రికార్డంతా సవ్యంగా ఉంది" అన్నాడు.

"రికార్డు సవ్యంగానే ఉంటుంది డాక్టరుగారూ. రాయడం నేనే నేర్పాను" అంది లక్ష్మీకామేశ్వరి. ఆమె కలం కింద పెట్టింది. "రెండేళ్లు నాడి చూడడం నేర్పాను. తర్వాత ఈ పిల్లల్ని మీ వార్డు గుమ్మం దాకా తెచ్చి వదిలేసి వెళ్లిపోయాను. ఒక్క బ్యాచి కాదు, తొమ్మిది బ్యాచీలు. లోపల వీళ్లు ఏం నేర్చుకుంటున్నారో ఒక్కరోజు వచ్చి చూడలేదు. పుస్తకంలో సంతకాలు లెక్కపెట్టుకున్నాను. పుస్తకం చదివి నర్సు తయారవదు. పక్కన నిలబడ్డ పెద్ద నర్సుని చూసి తయారవుతుంది. ఈ పిల్ల తన ఎదురుగా ఉన్నదాన్నే నేర్చుకుంది. శ్రద్ధగానే నేర్చుకుంది."

జ్ఞానాంబ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

న్యాయం జరిగిందా అని మీరు అడుగుతారు. తప్పుడు రికార్డు రాసినందుకు దాలమ్మ సర్టిఫికెట్టు ఆపేశారు. వేరే ఆసుపత్రిలో ట్యూటరమ్మ కళ్లెదుట ఇంకో ఆరునెలలు పనిచెయ్యాలన్నారు. జ్ఞానాంబకి ఒక మెమో వచ్చింది. దానికి ఆమె జవాబు రాసింది. అధికారి మెచ్చుకున్న వార్డు గనక అంతటితో సరిపోయింది. పద్మకుమారి సర్టిఫికెట్టు తీసుకుని ఉద్యోగంలో చేరింది.

దాలమ్మ ఒక ఆదివారం బస్సెక్కి జగ్గమ్మ ఊరు వెళ్లింది. జగ్గమ్మ గుమ్మంలో కూర్చుని ఉలవలు చెరుగుతోంది. దాలమ్మ నిలబడే, ఏమీ దాచకుండా అంతా చెప్పింది. దెబ్బలు చెప్పింది. పిల్లనివ్వనన్న మాటా చెప్పింది.

జగ్గమ్మ చేట కింద పెట్టింది.

"ఎందుకు సెప్పినావే ఇది?" అంది. "సుభద్రకి గండమొచ్చి పోనాదనుకున్నాను. ఆ దేవుడు రాసినాడనుకున్నాను. అలగనుకునే ఇన్నాళ్లు తిండి తిన్నాను. ఇప్పుడు నానే కదే ఆ గుంటని అరవొద్దని సెప్పి నీ సేతిలో పెట్టినాను! నీ గుండెలో బరువు దించీసుకోడానికి నా గుండె దొరికినాదా నీకు?"

దాలమ్మ కాళ్ల మీద పడబోయింది. జగ్గమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది.

"పిల్లేదమ్మా?" అంది దాలమ్మ, లోపలికి చూస్తూ.

"ఆవుపాలు పడనేదు. నలభై రోజులే ఉన్నాది." జగ్గమ్మ మళ్లీ చేట అందుకుంది. "నా కొడుకు లారీ దిగి వొచ్చే ఏలయినాది. ఆడు నిన్ను సూడకూడదు. ఎల్లిపో."

ఆ మాటలు దాలమ్మని బస్సులోనూ వదల్లేదు, ఆ తర్వాతా వదల్లేదు. తప్పు ఒప్పుకుంటే మనసు తేలికవుతుందని చెప్పినవాళ్లెవరో ఆమెకి తెలియదు. ఆమెకైతే కాలేదు.

జూన్‌లో కొత్త బ్యాచి పిల్లలు ఆసుపత్రులకి బయల్దేరుతున్నారు. పద్దెనిమిదిమంది. లక్ష్మీకామేశ్వరి ఈసారి తను కూడా వారానికి రెండు రోజులు వార్డులో ఉంటానని పై అధికారులతో పోట్లాడి కాగితం తెచ్చుకుంది. బయల్దేరే ముందు దాలమ్మని పిలిపించి వాళ్ల ఎదుట నిలబెట్టింది.

దాలమ్మ అంతా చెప్పింది. వెనక వరసలో ఒక పిల్ల లేచి, "ఆ పసిబిడ్డ ఉన్నాదా అప్పా?" అని అడిగింది.

"నేదు" అంది దాలమ్మ.

ఆ పిల్ల కూర్చుండిపోయింది. దాలమ్మ వాళ్ల వరసల వైపు ఒక అడుగు ముందుకి వేసింది.

"రేపు మిమ్మల్నీ ఎవరో కొట్టమంటారు. కొడితేనే నర్సువంటారు. కొట్టకపోతే సంతకాలు ఆగిపోతాయి, నాకు తెల్సు. ఆగిపోనీండి, నాలుగు నెలలు ఆలిసమవుతాది, అంతే. నొప్పితో ఉన్న మడిసిని అరవనీండి. ఎక్కడ తేడా వొచ్చినాదో మనకి సెప్పేది ఆ అరుపే. రోగానికి మందు ఉన్నాది, నొప్పికి మందు ఉన్నాది. నర్సుకి బయపడి నోరు మూసుకున్న రోగిని మాత్రం ఈ లోకంలో ఏ మందూ బతికించనేదు."